తండ్రి గడి నింపకపోతే కంప్యూటరు ఒప్పుకోదట!

తెలంగాణలో ఒక చిన్న పట్టణం. బస్టాండు ఎదురుగా జిరాక్సులు తీస్తూ, ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే ఇరుకు షాపు. ఒంటరి స్త్రీల జీవితాల మీద చేస్తున్న అధ్యయనం కోసం ఆ ప్రాంతానికి వెళ్ళిన నేను, అక్కడి సంఘం సభ్యురాలొకామెతో కలిసి ఆ షాపులో కూర్చున్నాను. ఆమె బీడీలు చుడుతుంది. పదకొండేళ్ళ కింద భర్త వదిలేసి పోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. కూతురు ఇంటర్ పాసయింది. ఉపకారవేతనం కోసం దరఖాస్తు పెట్టాలి.

షాపు కుర్రాడు చకచకా అన్నీ నింపుకుంటూ పోయాడు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, మార్కులు, తల్లి పేరు, తల్లి ఆధార్. ఒక గడి దగ్గర ఆగాడు.

"అక్కా, పిల్ల నాయిన ఆధార్ నంబర్ చెప్పు."

"గాయన నంబర్ నాకేడికెల్లి వస్తది తమ్మీ? గాయన ఏడున్నడో నాకెర్కనా? పిల్లను సదివిపిస్తున్నది నేను."

"అది పెట్టకపోతే ముందుకు పోదక్కా."

ఖాళీగా వదిలి సబ్మిట్ నొక్కాడు. గడి చుట్టూ ఎర్ర గీత వచ్చింది. కింద ఇంగ్లీషులో ఒక ఎర్ర వాక్యం. పన్నెండు సున్నాలు కొట్టాడు. ఒప్పుకోలేదు. ఒకటి నుంచి వరసగా అంకెలు కొట్టాడు. దానికీ ఒప్పుకోలేదు. ఆధార్‌లో చివరి అంకె మిగతా పదకొండు అంకెలను బట్టి లెక్కకట్టి వచ్చేది కాబట్టి, నోటికొచ్చిన పన్నెండు అంకెలు వేస్తే అది పట్టేస్తుంది. వెనకాల వరసలో మనుషులు విసుక్కుంటున్నారు. చివరికి ఆ కుర్రాడే దారి చూపించాడు. "మీ తమ్ముంది పెట్టనా అక్కా? పోతది." ఆమె నా వైపు చూసింది. నేనేమీ అనలేకపోయాను. తమ్ముడి నంబరు పెట్టారు. దరఖాస్తు పోయింది.

నాలుగు నెలల తరువాత ఆ దరఖాస్తు తిరస్కరించారు. తండ్రి పేరుకీ ఆధార్‌లో ఉన్న పేరుకీ పొంతన లేదట. "తప్పుడు సమాచారం ఇచ్చారు" అని కూడా ఒక మాట అన్నారు.

ఈ మొత్తం వ్యవహారంలో ఆమెను కాదన్నదెవరు? షాపు కుర్రాడు కాదు, అతను సాయం చెయ్యబోయాడు. ఏ అధికారీ ఆమె మొహం చూడలేదు. తండ్రి నంబరు లేని పిల్లకి ఉపకారవేతనం ఇవ్వకూడదని ఏ జీవోలోనూ నాకు కనబడలేదు. ఉన్నదల్లా ఒక ఎర్ర గీత. ఆ గీత వెనక ఉన్నదేమిటో, దాన్ని అక్కడ పెట్టిందెవరో మనం ఇంతవరకూ అడగలేదు. ఇప్పుడు అడగాలి.

గీత వెనక ఏముంది?

కంప్యూటరు సంగతులు మనకెందుకులే అని చాలామంది కార్యకర్తలు ఈ పేరా దాటేస్తారని నాకు తెలుసు. దయచేసి దాటెయ్యకండి. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

వెబ్ ఫారం మొదటి రోజుల్లో మనం నింపింది నింపినట్టే దూరాన ఉన్న పెద్ద కంప్యూటరుకి, అంటే సర్వరుకి పోయేది. తప్పుంటే అక్కడి నుంచి తిరిగొచ్చేది. టెలిఫోను తీగల మీద నడిచే ఆనాటి ఇంటర్నెట్‌లో ఈ రానుపోను చాలాసేపు పట్టేది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజినీరు పది రోజుల్లో జావాస్క్రిప్ట్ అనే భాష తయారుచేశాడు. అది మన ముందున్న బ్రౌజరులోనే పనిచేస్తుంది. దాన్ని తొలినాళ్ళలోనే విరివిగా వాడిన పనుల్లో ఒకటి, ఫారం సర్వరుకి పోకముందే గడులు సరిచూడడం. ఫలానా గడి ఖాళీగా ఉంటే హెచ్చరిక చూపించు, ఫారాన్ని పోనివ్వకు. దాదాపు ఇంతే. రెండు మూడు వరసల పని. 2014లో ప్రమాణంగా ఖాయమైన హెచ్‌టీఎంఎల్ 5 వచ్చాక ఆ మూడు వరసలు కూడా అక్కర్లేదు. గడి పక్కన 'రిక్వయర్డ్' అనే ఒక్క మాట రాస్తే చాలు, మిగతాది బ్రౌజరే చూసుకుంటుంది.

తేదీల్లో పదమూడో నెల రాకుండా, ఫోను నంబరులో అంకె తగ్గకుండా చూడడం మంచిదే. రేషన్ దరఖాస్తులో పొరపాటున సున్నా తగ్గి ఆరు నెలలు తిరిగిన స్త్రీలు మనకి తెలుసు. ఆ పొరపాటు అక్కడే పట్టుకుంటే ఆమెకే మేలు. కాబట్టి తనిఖీతో మనకి పేచీ లేదు. తనిఖీ పేరుతో ఎవరి జీవితాన్ని కొలబద్ద చేసుకుంటున్నారన్నదే పేచీ.

ఆ 'రిక్వయర్డ్' మాట రాసేది ఎవరు? చాలాసార్లు హైదరాబాదులోనో బెంగుళూరులోనో టెండరు దక్కించుకున్న కంపెనీలో పనిచేసే ఒక యువకుడు. యువతి కూడా కావచ్చు. పాత కాగితపు ఫారం ముందు పెట్టి దీన్ని ఆన్‌లైన్ చెయ్యమంటారు. అందులో తండ్రి/భర్త పేరు అని ఉంటుంది. అన్ని గడులూ నింపాల్సిందేగా అనుకుని అన్నిటికీ చుక్క గుర్తు పెడతారు. వాళ్ళకి దురుద్దేశం ఉండాల్సిన అవసరం లేదు. పితృస్వామ్యం దురుద్దేశాల మీద ఆధారపడి బతకదు. ఎవరూ ఆలోచించనవసరం లేనంత సహజంగా కనిపించడమే దాని బలం. తండ్రి లేని ఇల్లు, భర్త పేరు చెప్పుకోని ఆడది ఆ ఫారం రాసినవాళ్ళ ఊహలోకి రాలేదు. ఊహలోకి రానివాళ్ళకి తెర మీద చోటు లేకుండా పోయింది.

కాగితం ఫారం కూడా అదే అడిగేది కదా అనవచ్చు. అడిగేది. కానీ కాగితం మీద ఆ గడి కొట్టేసి పక్కన "భర్త వదిలేశాడు" అని రాసి ఇవ్వగలిగేవాళ్ళం. గుమాస్తా చిరాకుపడేవాడు. సంఘం తరఫున నలుగురం వెళ్ళి నిలబడితే తీసుకునేవాడు. తీసుకోకపోతే ఎమ్మార్వో దగ్గరికి పోయేవాళ్ళం. అక్కడ వాదించడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ మనిషి "సాఫ్ట్‌వేర్ తీసుకోవట్లేదమ్మా, నేనేం చెయ్యను" అంటాడు. తిరస్కరించినట్టు కాగితం ఉండదు, తేదీ ఉండదు, సంతకం ఉండదు. అసలు దరఖాస్తే చేరలేదు కనక మీద అధికారికి అప్పీలు చేసుకోవడానికి కూడా ఏమీ ఉండదు.

ఇరవై ఎనిమిది లక్షల పేర్లు

ఇది కంప్యూటరుతో పుట్టిన రోగం కాదు. స్వతంత్ర భారతదేశంలో 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలకి ఓటర్ల జాబితా తయారుచేసినప్పుడు, చాలామంది స్త్రీలు తమ సొంత పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు. సొంత పేరు లేకుండా ఓటు ఉండదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టాడు. గడువు పొడిగించి అవకాశం ఇచ్చినా, చివరికి సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి పోయాయి. ఎక్కువమంది ఉత్తర భారత రాష్ట్రాల వాళ్ళు.

సూత్రంగా చూస్తే సేన్ చేసింది సరైనదే. పౌరురాలికి సొంత పేరు ఉండాలి. కానీ మగవాడి పేరు వెనకే బతకమని నేర్పిన సమాజం శిక్ష తప్పించుకుంది. ఆ పాఠం బుద్ధిగా నేర్చుకున్న స్త్రీకి ఓటు పోయింది. డెబ్బై ఏళ్ళు దాటాక కథ తిరగబడింది. ఇప్పుడు మన బీడీ కార్మికురాలు సొంత పేరు చెబుతోంది, సొంత సంపాదన చూపుతోంది, పిల్లని తానే చదివిస్తున్నానంటోంది. సరే, మగవాడి నంబరేది అని తెర అడుగుతోంది. అప్పుడు మగవాడి పేరు చెప్పినందుకు, ఇప్పుడు చెప్పలేనందుకు. రెండుసార్లూ నష్టపోయింది ఆడదే.

చట్టం కదిలింది, గడి కదలలేదు

చట్టమే అలా ఉందేమో అని సరిపెట్టుకునే వీలు కూడా లేదు. ఈ పాతికేళ్ళలో స్త్రీలు కోర్టు మెట్లెక్కి సాధించుకున్నవి ఒకసారి చూడండి.

1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, సహజ సంరక్షకుడు తండ్రి కాబట్టి ఆయన సంతకం కావాలన్నారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో "తండ్రి, ఆయన తరువాత తల్లి" అని ఉంది. 1999లో సుప్రీం కోర్టు ఆ "తరువాత" అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, ఏ కారణం చేతనైనా తండ్రి ఆ బాధ్యతలో లేనప్పుడు అని అర్థం చెప్పింది. చట్టాన్ని కొట్టెయ్యకుండా అర్థం మార్చి ఊరుకుందని అప్పట్లోనే మనం విమర్శించాం. ఆ విమర్శ ఇప్పటికీ నిలుస్తుంది. అయినా తల్లి చేతికి ఒక ఆధారం దొరికింది. 2015లో పెళ్ళి కాని తల్లి, తండ్రి పేరు బయటపెట్టకుండానే బిడ్డకి చట్టబద్ధ సంరక్షకురాలు కావచ్చని అదే కోర్టు చెప్పింది.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే తీర్పు 2016 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చింది. ఒంటరిగా కూతుర్ని పెంచిన ఒక తల్లి కథ అది. 2005లో, 2011లో ఆ అమ్మాయికి తండ్రి పేరు లేకుండానే పాస్‌పోర్టు ఇచ్చారు. తిరిగి దరఖాస్తు పెట్టుకుంటే మాత్రం తండ్రి పేరు తప్పనిసరన్నారు. మధ్యలో చట్టమేమైనా మారిందా అంటే లేదు. తండ్రి పేరు తప్పనిసరి అని చెప్పే నిబంధన లేనప్పుడు దాని కోసం పట్టుబట్టే హక్కు అధికారులకి లేదని జస్టిస్ మన్మోహన్ అన్నారు. అంతటితో ఆగలేదు. సాఫ్ట్‌వేర్‌ని సవరించి ఆమె దరఖాస్తు తీసుకోమని ఆదేశించారు. ఈ చివరి మాట మనం గోడ మీద రాసి పెట్టుకోవాలి. "సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు" అన్నదానికి జవాబు "అయితే సాఫ్ట్‌వేర్ మార్చండి" అని ఒక హైకోర్టు చెప్పింది. సాఫ్ట్‌వేర్ మార్చగలిగిన వస్తువేనని చెప్పింది.

ఆ సంవత్సరం డిసెంబరులో విదేశాంగ శాఖ పాస్‌పోర్టు నిబంధనలు సడలించింది. ఆన్‌లైన్ ఫారంలో తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు. విడిపోయినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు భర్త పేరు ఇవ్వనవసరం లేదు. 2018 డిసెంబరు నుంచి తల్లి ఒంటరిగా పెంచినవాళ్ళకి పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదు. 2022 జులైలో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో, భర్త చనిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని సుప్రీం కోర్టు తేల్చింది. ఆ కేసులో అంతకుముందు ఉమ్మడి హైకోర్టు, రికార్డుల్లో వీలున్నచోట కన్నతండ్రి పేరు చూపాలనీ, వీలులేకపోతే తల్లి రెండో భర్తని సవతి తండ్రి అని రాయాలనీ చెప్పింది. ఆ ఆదేశం పసివాడి మనసుని ఎంత గాయపరుస్తుందో ఆలోచించలేదని సుప్రీం కోర్టు కఠినంగానే అంది.

పాస్‌పోర్టు ఫారం మార్చగలిగారు. పాన్ ఫారం మార్చగలిగారు. అంటే సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు. స్కూలు ప్రవేశాలకీ, హాస్టళ్ళకీ, ఉపకారవేతనాలకీ, ఉద్యోగాలకీ, బ్యాంకు ఖాతాలకీ కొత్త కొత్త ఫారాలు వస్తూనే ఉన్నాయి. ప్రతిదానిలోనూ మళ్ళీ మొదటి నుంచి పోట్లాడాలా? ప్రతి తల్లీ హైకోర్టుకి పోవాలా?

పేరు, వివాహ స్థితి, ఫోను

తండ్రి గడి ఒక్కటే కాదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెడతారు, రెండూ తప్పనిసరి. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. చాలామంది దళిత, ఆదివాసీ స్త్రీల ఆధార్ మీద ఉత్త లక్ష్మమ్మ అనో, పోచమ్మ అనో ఒకే మాట ఉంటుంది. ముస్లిం స్త్రీల పేరు చివరి బేగం తండ్రి పేరులో ఉండదు. ఇంటిపేరు ఒక్క అక్షరంగా రాసుకుంటే కనీసం మూడు అక్షరాలు ఉండాలంటుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిస్తే సర్టిఫికెట్‌తో కలవదంటుంది, మార్చకపోతే భర్త కార్డుతో కలవదంటుంది. పేరు తెలుగులో రాద్దామా అంటే, ఏ నుంచి జెడ్ వరకు ఉన్న అక్షరాలు తప్ప వేరేవి తీసుకోవద్దని ఎవరో రాసిపెట్టి ఉంటారు. కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి లిపి పట్టిక అయిన యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉంది. తెలుగు రాని కంప్యూటరు కాదు అడ్డం, తెలుగు వద్దన్న ఆ ఒక్క వరస.

ఒంటి పేరు వల్ల వచ్చే కష్టం చిన్నది కాదు. 2022 నవంబరులో, పాస్‌పోర్టు మీద ఒకటే పేరున్నవాళ్ళని సందర్శక వీసాల మీద యు.ఎ.ఇ. అనుమతించదని విమానయాన సంస్థలు ప్రకటించాయి. కొద్ది రోజులకే సవరణ వచ్చింది. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే రానిస్తారట. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఎందరు స్త్రీలు ఇళ్ళల్లో పనికి గల్ఫ్ దేశాలకి పోతున్నారో మనకి తెలుసు. ఒకే మాట పేరుగా ఉన్న స్త్రీకి అక్కడ కూడా పూచీ నిలిచింది తండ్రి పేరే.

వివాహ స్థితి గడి మరీ అన్యాయం. కిందికి జారే జాబితాలో వివాహిత, అవివాహిత, వితంతువు, విడాకులు పొందిన స్త్రీ అని నాలుగే ఉంటాయి. భర్త వదిలేసినామె ఎక్కడ? తానే వదిలేసి వచ్చినామె ఎక్కడ? జోగిని ఎక్కడ? 2011 జనగణన లెక్కల్లో విడాకులు తీసుకున్నామన్న వాళ్ళకంటే, విడాకులు లేకుండా విడిపోయి ఉంటున్నామన్న వాళ్ళు దాదాపు మూడు రెట్లు. జనగణనకి తెలిసిన ఈ సంగతి ఫారాలు రాసేవాళ్ళకి తెలియదా? 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకి పింఛను మొదలుపెట్టింది. ఒంటరి స్త్రీల సంఘాలు ఏళ్ళ తరబడి అడిగిన ఒక గుర్తింపు అది. పింఛనుకి గుర్తించిన స్త్రీని మరో దరఖాస్తు జాబితా గుర్తించకపోతే, వివాహిత అని నొక్కక ఆమెకి గతి లేదు. నొక్కగానే భర్త పేరు, భర్త ఆధార్, భర్త ఆదాయం అని మూడు కొత్త గడులు తెరుచుకుంటాయి. మూడింటికీ చుక్క గుర్తే.

ఇక ఫోను. ఓటీపీ రాకపోతే ఏ ఫారమూ కదలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైలు ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు మూడో వంతు మాత్రమే. మిగతావాళ్ళ ఓటీపీ భర్తకో కొడుక్కో పోతుంది. కొట్టే భర్త మీద ఫిర్యాదు చెయ్యాలనుకున్న స్త్రీ, ఆ భర్త జేబులో మోగే నంబరు ఇవ్వాలి. ఇలాంటి ఫారం ఆమెకి రక్షణ ఇవ్వకపోగా ఆమెని పట్టిస్తుంది.

మూడు అభ్యంతరాలు

ఇవన్నీ మోసాలు ఆపడానికే అంటారు అధికారులు. ఇక్కడ ప్రతి కార్యకర్త తెలుసుకోవాల్సిన సాంకేతిక విషయం ఒకటుంది. బ్రౌజరులో జావాస్క్రిప్ట్ చేసే తనిఖీని కొంచెం తెలిసిన ఎవరైనా పక్కకి నెట్టెయ్యగలరు. బ్రౌజరులోనే ఉండే పరికరాలతో 'రిక్వయర్డ్' మాట తీసెయ్యవచ్చు, జావాస్క్రిప్ట్‌నే ఆపెయ్యవచ్చు. అందుకే అసలు తనిఖీ సర్వరులో జరగాలని, బ్రౌజరులో జరిగేది నింపేవాళ్ళ సౌకర్యం కోసమేనని ఆ విద్య నేర్పే ప్రతి పుస్తకమూ మొదటే చెబుతుంది. అంటే ఎర్ర గీత దొంగని ఆపదు. నిజం చెప్పే స్త్రీని మాత్రం ఆపుతుంది. ఆపి, అబద్ధం చెప్పమని నేర్పుతుంది. మన బీడీ కార్మికురాలి తమ్ముడి నంబరు అలా వచ్చిందే. అబద్ధం చెప్పించింది ఫారం, శిక్ష మాత్రం ఆమెకి.

రెండో అభ్యంతరం చదువుకున్న మిత్రులది. కంప్యూటరుకి ఆడా మగా తేడా ఉండదు, అది అందరినీ ఒకేలా చూస్తుందంటారు. అందరినీ ఒకేలా చూడడమే ఇక్కడ చిక్కు. తండ్రి నంబరు అడిగినప్పుడు తండ్రి ఉన్న పిల్లకి అరనిమిషం పోతుంది, లేని పిల్లకి చదువు పోతుంది. సోషియాలజీ చదువుకున్న మనిషిగా ఇంకో భయం కూడా చెప్పాలి. ఇలా బలవంతంగా నింపించిన గడులే రేపు గణాంకాలవుతాయి. జాబితాలో లేని స్త్రీ లెక్కలో ఉండదు. లెక్కలో లేనిదానికి బడ్జెట్ ఉండదు. మన రాష్ట్రంలో అలాంటివాళ్ళు పెద్దగా లేరని ఏదో నివేదిక తేల్చేస్తుంది.

మూడోది మనలోంచే వస్తుంది. హత్యలు, అత్యాచారాలు, భూమి సమస్యలు ఇన్ని ఉండగా ఒక గడి కోసం గొడవేమిటి అని. ఇప్పుడు భూమికీ, పింఛనుకీ, రేషనుకీ, ఫిర్యాదుకీ అన్నిటికీ దారి ఆ గడిలోంచే పోతోంది. మనం పోరాడి సాధించుకున్న ప్రతి హక్కూ చివరికి ఆమె చేతికి ఒక ఫారం రూపంలోనే చేరుతుంది. అక్కడ ఆగిపోతే మనం సాధించింది ఏమిటి?

ఈ సందర్భంగా మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. మన సంస్థలు ఫీల్డులో ఓడీకే, కోబో లాంటి యాప్‌లతో సర్వేలు చేస్తున్నాయి, శిక్షణకి వచ్చేవాళ్ళ చేత గూగుల్ ఫారాలు నింపిస్తున్నాయి. వాటిలో తప్పనిసరి అనే మీట నొక్కేది మనమే. కుటుంబ పెద్ద పేరు దగ్గర, భర్త వృత్తి దగ్గర, ఆడ/మగ అని రెండే ఇచ్చిన చోట ఆ మీట నొక్కింది ఎవరు? ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపు వాళ్ళ హక్కని 2014లో సుప్రీం కోర్టు చెప్పాక కూడా, మన ఫారాల్లో వాళ్ళకి చోటు పెట్టామా? ప్రభుత్వాన్ని అడిగే ముందు ఈ వారమే మన ఫారాలు తెరిచి చూసుకుందాం.

ఏం అడగాలి, ఏం చెయ్యాలి

మన డిమాండ్లు ఇవి.

1. ప్రభుత్వ ఫారంలో తప్పనిసరి అని గుర్తు పెట్టిన ప్రతి గడి పక్కన, అది ఏ చట్టం, ఏ నిబంధన, ఏ జీవో ప్రకారం తప్పనిసరో చూపించాలి. చూపించలేకపోతే ఆ గుర్తు తీసెయ్యాలి.

2. తండ్రి/భర్త గడి పోవాలి. మైనరుకి తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఎవరైనా ఒకరు చాలు. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ తన పేరుతో తాను దరఖాస్తు పెట్టుకోగలగాలి.

3. ప్రతి వ్యక్తిగత ప్రశ్నకీ "వర్తించదు", "తెలియదు", "చెప్పదలచుకోలేదు" అనే జవాబులుండాలి. గడి ఖాళీగా ఉన్నా కారణం రాసి పంపే చోటుండాలి. దాని మీద నిర్ణయం మనిషి తీసుకోవాలి.

4. తప్పు ఎక్కడుందో, ఏం చెయ్యాలో తెలుగులో చెప్పాలి. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలు, పొరపాటు ఏ గడిలో ఉందో మాటల్లో తెలపాలని 2008 నుంచి అంటున్నాయి. ఎర్ర గీత చాలదు.

5. ఆన్‌లైన్‌లో ఆగిపోయిన దరఖాస్తుకి కూడా నంబరూ తేదీతో రసీదు రావాలి. కాగితం మీద ఇచ్చే దారి మూసెయ్యకూడదు.

6. కొత్త ఫారం జనం మీదికి వదిలేముందు ఒంటరి స్త్రీలు, జోగినులు, వికలాంగ స్త్రీలు, ట్రాన్స్ వ్యక్తుల సంఘాలతో నింపించి చూడాలి.

డిమాండ్లు ఒప్పుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఎర్ర గీత కనబడగానే ఫోనుతో ఆ తెర ఫొటో తియ్యండి. తేదీ, ఏ గడి, ఏం చెప్పింది అన్నది సంఘం రిజిస్టరులో రాయండి. అదే దరఖాస్తు కాగితం మీద నింపి, ఆ గడి ఖాళీగా వదిలి, ఎందుకు వదిలామో ఒక ఉత్తరం జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. ఇప్పుడు దరఖాస్తు చేరలేదనే వీలు వాళ్ళకి ఉండదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక్క ప్రశ్న అడగండి: ఈ గడి తప్పనిసరి అని ఏ నిబంధనలో ఉంది? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు ఉంటే ఆ నిబంధన మీద పోరాడదాం. లేకపోతే ఆ జవాబే మన చేతిలో ఆయుధం. నాలుగు జిల్లాల నుంచి ఇలాంటి కాగితాలు నలభై చేరితే కోర్టుకైనా, మహిళా కమిషన్‌కైనా వట్టి చేతులతో పోనక్కర్లేదు.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. పొదుపు సంఘంలో అప్పు తీసి తల్లి మొదటి సంవత్సరం ఫీజు కట్టింది. ఆ అప్పు ఇప్పుడు బీడీల మీద తీరుతోంది. కాగితం మీద మళ్ళీ దరఖాస్తు పెట్టించాం, ఈసారి తమ్ముడి నంబరు లేకుండా. తండ్రి ఆధార్ అన్నచోట ఆమె తన చేత్తో "లేదు, తల్లినే నేను" అని రాసింది. జవాబు ఇంకా రాలేదు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు మాత్రం ఆమె పసుపు డబ్బాలో భద్రంగా ఉంది.